కోర్టు రోడ్డు పక్కన కాంట్రాక్టు చదివిపెట్టే ఆఫీసు: రాయదుర్గం జీన్స్ యూనిట్ నుంచి నా రివ్యూ

రేటింగ్ ఒక్కటే కావాలంటే 5కి 4, ఇంక కిందకి రాకండి. ఆ ఒక్క స్టార్ ఎందుకు కోసినాను, ఆ లాయరమ్మ ఫీజు ఎంత, అనంతపురం దాకా అంత దూరం పోవచ్చా వద్దా అని తెలియాలంటే రోంత ఓపిక పట్టి చదవండి. నాకు నాలుగు ముక్కల్లో చెప్పడం రాదు, మా ఆయన కూడా అదే అంటాడు.

నాది రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్. 34 మిషన్లు, ఆడోళ్లు నలభై మంది దాకా, మగోళ్లు ఆరుగురు, ఒక కటింగ్ మాస్టర్. బళ్లారి జీన్స్ అని మీరు బజార్లో కొనే ప్యాంట్లు బోలెడు మా ఊర్లో కుట్టినవే. బళ్లారి మాకు యాభై కిలోమీటర్లు, అక్కడ బట్ట కోసి కట్టలు కట్టి పంపిస్తారు, మేము కుట్టి ఇస్తాం, పీసుకి ఇంత అని జాబ్ వర్కు. ఓనర్ అనగానే కారు, ఏసీ రూము అనుకునేరు, బెంగళూరు పీణ్యలో ఒక గార్మెంట్స్‌లో తొమ్మిదేళ్లు మిషన్ మీద కూర్చుని నడుము పోగొట్టుకుని వచ్చినదాన్నే నేను.

రెండేళ్ల కింద బెంగళూరు పార్టీ ఒకటి దొరికింది, ఎక్స్‌పోర్ట్ ఆర్డర్లు తీసుకునేవాళ్లు, సరుకు యూరప్ పోతుంది. పేరు రాయను, ఇప్పటికీ వాళ్ల పని చేస్తున్నా. బళ్లారి పార్టీలతో మాకు కాంట్రాక్టు అంటే చలాన్ బుక్కూ ఫోన్లో మాటా, అంతే. వీళ్లు మాత్రం 26 పేజీలు పంపినారు, అంతా ఇంగ్లీషు, చివర్లో కోడ్ ఆఫ్ కండక్ట్ అని ఎనిమిది పేజీలు. సోమవారం లోపల సైన్ చేసి స్కాన్ పంపండి మేడం, లేకపోతే ఆర్డర్ తిరుపూరు పోతుందని ఆ పార్టీ తరఫున ఆర్డర్లు చూసే మర్చండైజర్ సార్ ఫోను. చేసేసినా, చదవకుండానే. మీరు బ్యాంకు లోన్ పేపర్లు ఎప్పుడైనా చదివి సైన్ చేసినారా?

ఆ ఎనిమిది పేజీల్లో ఏముందో తర్వాత నా కూతురు చదివి చెప్పింది. పిల్లల్ని పనిలో పెట్టొద్దు, బలవంతంగా చాకిరీ చేయించొద్దు, వారానికి 48 గంటలే, దాటితే ఓటీ (ఓవర్‌టైం) కూలి డబుల్, ఆడోళ్ల మీద వేధింపులు ఉండకూడదు, పీఎఫ్ ఈఎస్ఐ కట్టాలి, మెట్ల దగ్గర అట్టపెట్టెలు పెట్టొద్దు. వింటాంటే నాకు భలే సంతోషమైంది, పీణ్యలో ఉన్నప్పుడు బాత్రూముకి పోవాలన్నా సూపర్‌వైజర్ దగ్గర టోకెన్ తీసుకుని పోయేవాళ్లం, అప్పుడు ఈ కాగితం నా చేతిలో ఉంటే ఎట్ల ఉండేదో అనుకున్నా.

తర్వాత ఆ శుక్రవారం వచ్చింది. సాయంత్రం నాలుగున్నరకి ఫోను. "మేడం, బటన్ మారింది, బ్యాక్ పాకెట్ డిజైన్ కూడా కొంచెం మారింది, కొత్త ట్రిమ్స్ రేపు పొద్దున బస్సులో వేస్తాం, డిస్పాచ్ మాత్రం మంగళవారమే, కంటైనర్ బుక్ అయిపోయింది." మొత్తం 3,200 పీసులు, అందులో 1,400కి పాకెట్ కుట్టేసి ఉన్నాం, అదంతా విప్పాల. డెనిమ్ విప్పడం అంటే కుట్టేదానికి ఒక నిమిషం పడితే విప్పేదానికి మూడు, పైగా పాత సూది రంధ్రాలు కనపడితే చెక్కింగ్‌లో రిజెక్టు. శని, ఆది, సోమ మూడు రాత్రులు పదకొండు దాకా కూర్చున్నాం. ఆటో ఆయన అంత రాత్రి రానన్నాడు, పల్లెల నుంచి వచ్చేవాళ్లని మా ఆయన బండి మీద ఇద్దరిద్దరిని దింపొచ్చినాడు. సోమవారం రాత్రి పదిన్నర అయింటుంది, బెల్టు లూపులకి బార్‌టాక్ (ఊడిపోకుండా వేసే గట్టి కుట్టు) కొడుతున్న అమ్మాయికి కునుకు పట్టి చూపుడువేలు గోరులోంచి సూది దిగింది, విరిగి సగం ముక్క లోపలే ఉండిపోయింది. గవర్నమెంటు ఆస్పత్రికి తీసుకుపోయి తీయించి టీటీ వేయించుకొచ్చినాం. ఆ పిల్ల ఏడవలేదు. బండి ఎక్కేటప్పుడు నన్ను అడిగింది ఒక్కటే, "అక్కా, పీసు మీద రక్తం పడలేదు కదా?"

పడింది. ఆ పీసు నా బీరువాలో ఉంది ఇప్పటికీ.

అంత చేసినా సరుకు ఒక రోజు లేటు. లేటుకి పెనాల్టీ కింద మా బిల్లులో కోసుకుంటామని 38,000కి డెబిట్ నోట్ వచ్చింది. బిల్లు డబ్బులేమో కాంట్రాక్టు ప్రకారం 90 రోజులకి. శనివారం కూలి బట్వాడా ఆపలేను కదా, గాజులు కుదువ పెట్టినా. ఓటీ డబుల్ ఇవ్వలేకపోయినా, సింగిలే ఇచ్చినా, కోడ్ పాటిస్తున్నామా లేదా అని ఆడిట్ వస్తుందని రెండో రిజిస్టర్ రాయించినా, అందులో అందరూ సాయంత్రం ఆరుకే ఇంటికి పోయినట్టు. ఇక్కడ ఇది రాసేదానికి సిగ్గుగానే ఉంది, కానీ మా లైన్లో ఉన్నోళ్లకి రెండు రిజిస్టర్ల సంగతి తెలియంది కాదు, గమ్మున ఉంటారు అంతే. ఆ ఎనిమిది పేజీల ప్రకారం చూస్తే తప్పు చేసింది నేను. శుక్రవారం ఫోన్ చేసినాయన యాడా లేడు అందులో.

మధ్యలో ఇంకో పని చేసినా, రూల్స్ పాటిస్తున్నట్టు చూపించేదానికి కంప్లయన్స్ కిట్ అని ఆన్‌లైన్లో ఒకడు అమ్ముతాడు, 12,000 పెట్టి కొన్నా. హిందీలో పోస్టర్లు, ఇంగ్లీషులో పాలసీలు, ఒక ఫైలు, ఒక సర్టిఫికెట్. పోస్టర్ల వెనకవైపు తెల్లగా ఉంటుంది, ప్యాటర్న్ గీసుకునేదానికి పనికొచ్చినాయి. దానికి సున్నా స్టార్లు, ఇంక దాని గురించి మాట్లాడను.

ఇప్పుడు అసలు ఆఫీసు. అనంతపురంలో కోర్టు రోడ్డు నుంచి లోపలికి పోతే కింద జెరాక్స్ షాపు, పైన మొదటి అంతస్తులో ఉంటుంది. పేరు ఎందుకు పెట్టలేదంటే అక్కడి లాయరు మేడమే వద్దన్నారు, అడ్వొకేట్లు తమ గురించి పబ్లిసిటీ చేసుకోకూడదని బార్ కౌన్సిల్ రూలు ఉందంట, రివ్యూ రాస్తే పేరు లేకుండా రాయమ్మా అన్నారు. రూల్స్ గురించి చెప్పి డబ్బులు తీసుకునేవాళ్లు ఆ రూలు తామే పాటిస్తాంటే చూసి నాకు మొదటి నమ్మకం కుదిరింది. మా ఊరి నుంచి కళ్యాణదుర్గం మీదుగా బస్సులో పోయినా, పొద్దున్నే బస్టాండు దగ్గర ఉగ్గాని బజ్జీ తిని పదింటికల్లా మెట్లెక్కినా. మెట్లు మాత్రం నిట్టనిలువు, మోకాళ్ల నొప్పులున్నోళ్లు కింద జెరాక్స్ అబ్బాయికి చెప్తే మేడం జూనియర్ దిగొస్తాడు.

మొదటిసారి మాట్లాడేదానికి 300. మొత్తం కాంట్రాక్టు చదివి, మార్పులు రాసి, బయ్యర్‌కి (నాకైతే ఆ బెంగళూరు పార్టీ) ఇంగ్లీషు మెయిల్ తయారుచేసి ఇచ్చేదానికి 6,500. బయ్యర్‌తో ఫోన్లో కూర్చుంటే కాల్‌కి 1,500, నాకు రెండు కాల్స్ పట్టినాయి. మొత్తం 9,800 అయింది. ఆ డెబిట్ నోట్‌తో పోల్చుకుంటే మీకే అర్థమవుతుంది.

చదివే పద్ధతి చెప్పాలి, అది చూసేదానికే 300 ఇవ్వొచ్చు. మేడం ఒక తెల్ల కాగితం తీసుకుని స్కేలు పెట్టి మధ్యలో గీత కొట్టినారు. ఎడమవైపు 'ఈమె చేయాల్సినవి', కుడివైపు 'వాళ్లు చేయాల్సినవి'. 26 పేజీలు పెన్సిల్‌తో చదువుతా, ఎక్కడ 'సప్లయర్ షల్' (అంటే సరుకు ఇచ్చే నేను చేసి తీరాల) అని వస్తే ఎడమవైపు ఒక గీత, 'బయ్యర్ షల్' అని వస్తే కుడివైపు ఒక గీత. నలభై నిమిషాలు పట్టింది, మధ్యలో టీ వచ్చింది, ఆమె తాగలేదు, చల్లారిపోయింది. చివరికి ఎడమవైపు 43 గీతలు, కుడివైపు 2. ఆ రెండూ ఏందంటే పర్చేజ్ ఆర్డర్ ఇవ్వడం, 90 రోజులకి డబ్బు ఇవ్వడం. ఇవి కాక బయ్యర్‌కి 'మే' (ఇష్టమైతే చేయొచ్చు) అని కొన్ని ఉన్నాయి, ఎప్పుడైనా ఆడిట్ చేయొచ్చు, ఎప్పుడైనా కారణం చెప్పకుండా క్యాన్సిల్ చేయొచ్చు.

"ఏమ్మా, ఇందులో నీ దగ్గర పనిచేసేవాళ్ల గురించి రాసింది ఎనిమిది పేజీలే అనుకుంటున్నావా?" అని అడిగినారు. అవును మేడం, చివర్లో ఉండేదే కదా అన్నా. ఆమె డెలివరీ డేట్ ఉన్న పేజీ తీసినారు, పేమెంట్ ఉన్న పేజీ తీసినారు, రేటు షీట్ తీసినారు, మూడూ నా ముందు పెట్టి, "ఆ పిల్ల వేలు ఈ మూడు పేజీల్లో ఉంది, నువ్వు చివరి ఎనిమిది పేజీల్లో వెతుకుతున్నావు" అన్నారు. నాకు గొంతు పట్టుకుపోయింది, నీళ్లు అడిగి తాగినా.

తర్వాత గంటసేపు చెప్పింది నాకు గుర్తున్నంత వరకు రాస్తా, ఎవరికైనా పనికొస్తుంది. ఇది తాను సొంతంగా కనిపెట్టింది కాదు, అమెరికన్ బార్ అసోసియేషన్ (అక్కడి లాయర్ల సంఘం) వాళ్ల వర్కింగ్ గ్రూప్ ఒకటి కాంట్రాక్టుల్లో పెట్టుకునేదానికి మాడల్ క్లాజులు తయారుచేసి పెట్టింది, 2018లో మొదటిసారి, మళ్లీ 2021లో సరిచేసి రెండోసారి, నెట్‌లో ఫ్రీగా ఉంటాయి, ఎవరైనా వాడుకోవచ్చు అని మేడమే చెప్పినారు. పాత రకం కాంట్రాక్టులో సప్లయర్ 'నా దగ్గర ఏ తప్పూ లేదు, ఉండదు' అని గ్యారంటీ ఇస్తాడు. అట్ల రాయించుకుంటే తప్పు కనపడిన రోజు సప్లయర్ చేసే మొదటి పని దాచిపెట్టడం, నా రెండో రిజిస్టర్ లాగా. కొత్త రకంలో గ్యారంటీ అడగరు, ఇద్దరూ కలిసి ఎక్కడ తప్పు జరిగే అవకాశం ఉందో చూసుకుంటా ఉండాలి, కనపడితే చెప్పుకోవాలి, ముందు దెబ్బతిన్న పనివాళ్లకి సరిచేయాలి, ఆ తప్పుకి బయ్యర్ కొనే పద్ధతి కూడా కారణమైతే బయ్యర్ కూడా ఖర్చు భరించాలి. అంటే లాస్ట్ మినిట్లో డిజైన్ మార్చడం, పనివాళ్లకి కూలి కూడా గిట్టని రేటు ఇవ్వడం, ఇవి కూడా కాంట్రాక్టు తప్పులే అవుతాయి. చెడిపోతే చెప్పాపెట్టకుండా ఆర్డర్ తీసేసుకుని పోకూడదు, పోయేముందు పనివాళ్లకి ఏమవుతుందో చూసి టైం ఇచ్చి పోవాలి. వీటికి మూలం 2011లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన సూత్రాలంట, వ్యాపారమూ మానవ హక్కులూ గురించి.

నేను అడిగినా, కాగితం మీద రాసుకుంటే ఎవరు వింటారు మేడం అని. ఆమె రానా ప్లాజా గురించి చెప్పినారు. 2013 ఏప్రిల్ 24, ఢాకా పక్కన సావర్‌లో బిల్డింగ్ కూలి 1,100 మందికి పైగా పోయినారు, ఎక్కువ మంది గార్మెంట్స్ పనిచేసే ఆడోళ్లే. అక్కడ కూడా బ్రాండ్లకి కోడ్లు ఉన్నాయి, ఆడిట్లూ అయినాయి. ముందు రోజే గోడలు పగిలి కనపడినాయి, కింద ఉన్న బ్యాంకు, షాపులు మూసేసినారు, కుట్టేవాళ్లని మాత్రం మరుసటి రోజు లోపలికి పంపించినారు. ఆర్డర్ డేట్ ఉంది కదా మరి. (ఇది వింటున్నప్పుడు నా శుక్రవారం గుర్తొచ్చి కూర్చోలేకపోయినా.) ఆ తర్వాత బ్రాండ్లూ యూనియన్లూ కలిసి ఫ్యాక్టరీ బిల్డింగుల సేఫ్టీ కోసం అకార్డ్ అని ఒప్పందం రాసుకున్నారు, తప్పితే ఆర్బిట్రేషన్‌కి (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకి) లాగేట్టు. రిపేర్లకి డబ్బు ఎట్ల వస్తుందో బ్రాండ్లే చూడాలి, మొదటి రెండేళ్లు ఆర్డర్లు పీకేసుకుని పోకూడదు అని అందులో ఉంది. ఒక బ్రాండ్ మాట తప్పిందని యూనియన్లు కేసు వేస్తే 2018లో 23 లక్షల డాలర్లకి సెటిల్ అయింది. సంతకం పెట్టినోళ్లలో పనివాళ్ల తరఫున ఒకరు ఉంటే అట్ల ఉంటుంది.

లేకపోతే ఎట్ల ఉంటుందో కూడా చెప్పినారు. వాల్‌మార్ట్‌కి సరుకు చేసే ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, చైనా, బంగ్లాదేశ్ ఇట్ల కొన్ని దేశాలవాళ్లు, మీ కోడ్ మీ సప్లయర్లు పాటించట్లేదు అని అమెరికాలో కేసు వేస్తే 2009లో అప్పీల్ కోర్టు కొట్టేసింది. తనిఖీ చేసే హక్కు వాల్‌మార్ట్ పెట్టుకుంది కానీ చేస్తానని మీకు మాట ఇవ్వలేదు కదా అని. మన దగ్గర కూడా కాంట్రాక్టులో లేనోళ్లు దాని మీద మామూలుగా దావా వేయలేరంట. అంటే ఆ ఎనిమిది పేజీలు నా బార్‌టాక్ అమ్మాయి పేరు మీదే రాసి ఉన్నా ఆ పిల్లకి దాంతో ఏం పని లేదు. మన పక్కనే తమిళనాడులో దిండిగల్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేసే దళిత అమ్మాయిని సూపర్‌వైజర్ చంపేసిన తర్వాత 2022లో అక్కడి ఆడోళ్ల యూనియన్, ఫ్యాక్టరీ కంపెనీ, హెచ్ అండ్ ఎమ్ ఇట్ల బ్రాండ్లతో కలిసి ఒప్పందం చేసుకున్నారు, అందులో పనిచేసే ఆడోళ్లలో నుంచే మానిటర్లు ఉంటారు, ఫ్యాక్టరీ మాట తప్పితే ఆర్డర్ల మీద దెబ్బ పడుతుంది. ఇది విన్నాక ఇది మన దేశంలో కూడా అయ్యేపనే అనిపించింది.

మేడంది కర్నూలు వైపు. రేటు గురించి మాట్లాడేటప్పుడు పత్తి విత్తనం సంగతి చెప్పినారు, నాకు తెలుసు అది, మా పిన్నివాళ్ల ఊర్లో కూడా ఉండేది. హైబ్రిడ్ పత్తి విత్తనం తీసే చేలల్లో పూలు క్రాసింగ్ చేసేదానికి బడి మాన్పించి ఆడపిల్లల్ని పెట్టేవాళ్లు, పొద్దున్నే మగపువ్వు తెంపి ఆడపువ్వుకి రుద్దేది, చిన్న చేతులు కావాలని అంటారు కానీ అసలు సంగతి పెద్దోళ్లకి ఇచ్చే కూలి ఆ కంపెనీ రేటులో గిట్టదు. కంపెనీకీ రైతుకీ మధ్య ఆర్గనైజర్ ఉంటాడు, మాకూ బ్రాండ్‌కీ మధ్య ఈ బెంగళూరు పార్టీ ఉన్నట్టు. సంఘాలవాళ్లు గొడవ చేస్తే 2005 ఆ ప్రాంతంలో బేయర్ లాంటి కంపెనీలు పిల్లల్ని పెట్టనోళ్లకి విత్తనం రేటు మీద బోనస్, పెట్టినోళ్లకి ముందు హెచ్చరిక, తర్వాత రేటులో కోత, అప్పటికీ వినకపోతే కాంట్రాక్టు కట్ అని పెట్టినాయి. రేటు మీద రాస్తే రైతు విన్నాడు అని మేడం అన్నారు, గోడ మీద పోస్టర్‌కి వినలేదు.

మన చట్టాల్లోనే నాకు తెలియకుండా పడి ఉన్నవి రెండు తీసి చూపించినారు, మీరు ఆఫీసుకి పోకపోయినా ఇవి గుర్తుపెట్టుకోండి. ఒకటి, మీకు సూక్ష్మ, చిన్న యూనిట్ కింద ఉద్యం రిజిస్ట్రేషన్ (గవర్నమెంటు దగ్గర చేయించుకునేది) ఉంటే ఎంఎస్ఎంఈ చట్టం 2006 ప్రకారం కాంట్రాక్టులో ఏం రాసుకున్నా డబ్బు ఇచ్చేది 45 రోజులు దాటకూడదు, దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. 90 రోజులు అని ఉన్న లైను చదివి మేడం నవ్వినారు. ఇప్పుడు ఇన్‌కంట్యాక్స్‌లో కూడా సూక్ష్మ, చిన్న యూనిట్లకి టైంకి ఇవ్వని డబ్బుని ఆ ఏడు ఖర్చు కింద చూపించుకోలేరు బయ్యర్లు, ఆ మాట మెయిల్‌లో మర్యాదగా ఒక లైన్ రాస్తే వాళ్ల అకౌంట్స్ డిపార్ట్‌మెంటే మనకి సపోర్ట్ చేస్తుందన్నారు, అట్లే అయింది. రెండోది డెబిట్ నోట్. కాంట్రాక్టులో ఇంత పెనాల్టీ అని రాసుకున్నంత మాత్రాన అంతా పట్టుకోలేరు, 1872 నాటి కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 74 ప్రకారం న్యాయంగా ఉన్నంత వరకే, ఆ అంకె అన్నది పైహద్దు మాత్రమే.

సరే, చివరికి ఏం వచ్చింది అంటారా. అడిగినవన్నీ రాలేదు. వచ్చినవి చెప్తా. కటింగ్ అయినాక బయ్యర్ ఏం మార్చినా అన్ని రోజులు డేటు జరగాల, లేదంటే ఓటీ డబుల్ కూలీ రాత్రి ఆటో ఖర్చూ వాళ్లే ఇవ్వాల, ఆ మార్పు వల్ల లేటయితే డెబిట్ నోట్ లేదు. రేటు షీట్లో కూలి వేరే లైనులో, పీఎఫ్ ఈఎస్ఐ వేరే లైనులో, ఆ రెండు లైన్ల మీద బేరం ఆడకూడదు, కనీస వేతనం డీఏ పెరిగితే ఆ లైను పెరగాల. పేమెంటు 45 రోజులు. ఏదైనా తప్పు దొరికితే ముందు చెప్పి, సరిచేసేదానికి టైం ఇచ్చి, అప్పటికీ కాకపోతేనే ఆర్డర్ తీసేది. పూర్తిగా ఆపేయాలంటే 60 రోజుల నోటీసు (మేము 90 అడిగినాం), అప్పటికి కోసి కుడుతున్న సరుకుకి డబ్బు. ఇంక పీసు రేటు, ఆరు రూపాయలు అడిగితే మూడున్నర పెంచినారు. ఇంత ఎందుకు ఒప్పుకున్నారంటే నా మీద ప్రేమతో కాదు, వాళ్ల సరుకు జర్మనీ పోతుంది, అక్కడ 2023 నుంచి సప్లై చెయిన్ చట్టం వచ్చింది, పెద్ద కంపెనీలు తమ సప్లయర్ల దగ్గర మనుషుల్ని ఎట్ల చూసుకుంటున్నారో పట్టించుకోవాల్సిందే, అందుకని పైనుంచి వీళ్లనీ అడుగుతున్నారు. మేడం ఆ సంగతి తెలుసుకుని మెయిల్ రాసినారు. మన అవసరం కన్నా వాళ్ల అవసరం కనిపెట్టి మాట్లాడేవాళ్లు దొరకడం కష్టం, నేనిచ్చిన నాలుగు స్టార్లలో ఒకటి అచ్చంగా దానికే.

పనిచేసిందా లేదా అని టెస్టు కూడా అయిపోయింది. ఫిబ్రవరిలో మళ్లీ అదే ఫోను, ఈసారి గురువారం, జిప్పు మారింది మేడం, డేటు మాత్రం అదే. నాకు చేతులు వణికినాయి, పాత అలవాటు, సరే సార్ అనబోయి ఆగినా. మెయిల్ పెట్టండి సార్ అన్నా. పెట్టలేదు. నేనే పెట్టినా, కూతురు టైప్ చేసింది, క్లాజు నంబరు వేసి, నాలుగు రోజులు జరపండి లేదా ఓటీ లెక్క ఇదిగో అని. ఒకరోజంతా జవాబు లేదు, ఆ ఒక్క రాత్రి నాకు నిద్ర లేదు, ఆర్డర్ పోయిందనే అనుకున్నా. మరుసటి రోజు మూడు రోజులు జరిపినాం అని వచ్చింది, మిగిలిన ఒక రోజుకి ఓటీ ఒప్పుకున్నారు. ఆ వారం ఒక్క రాత్రి ఎనిమిదిన్నర దాకా కూర్చున్నాం, డబుల్ ఇచ్చినా, ఆటోకి ఇచ్చినా, మిగతా రోజులన్నీ సాయంత్రం ఆరుంపావుకి ఆటోలు కదిలిపోయినాయి. ఇప్పుడు రిజిస్టర్ ఒకటే. రెండోది నేనే మా పొయ్యిలో వేసినా, సంగటి ఉడికింది దాంతో.

ఇంక కోసిన స్టార్ గురించి. ఆఫీసువాళ్లు కాంట్రాక్టు బాగా రాస్తారు కానీ అది ఎవరి కోసం రాసినారో వాళ్లకి అర్థమయ్యేట్టు చెప్పడం రాదు. మా వాళ్లకి చదివి వినిపించేదానికి రెండు పేజీల తెలుగు కావాలని అడిగితే మూడు వారాలు తీసుకున్నారు, నాలుగుసార్లు ఫోన్ చేసినా, జూనియర్ తమ్ముడు ప్రతిసారీ రేపక్కా అన్నాడు. వచ్చింది చూస్తే 'పరిహారోపశమన ప్రణాళిక' అని ఉంది. తప్పు జరిగితే సరిచేసే పద్ధతికి ఆ పేరంట. మధ్యాహ్నం అన్నాల టైంలో అందరినీ కూర్చోబెట్టి చదివితే వెనక నుంచి ఒకామె "ఏం ప్లాను అక్కా అది, ఎల్ఐసీనా?" అనింది, అందరూ నవ్వినారు, నేనూ నవ్వినా. ఆ కాగితం పక్కన పెట్టి వైట్‌బోర్డు మీద నేనే రాసినా: పని మధ్యలో డిజైన్ మారితే డేటు మారాల, రాత్రి కూర్చుంటే డబుల్, ఎవరైనా చెయ్యేస్తే, మాట జారితే ఈ నంబరుకి ఫోన్ చెయ్యి, చేసినావని పనిలోంచి తీసేస్తే నన్ను అడుగు. సగం మంది ఇంట్లో కన్నడం మాట్లాడతారు, వాళ్ల కోసం కింద ఒక అమ్మాయి కన్నడంలో రాసింది. ఇంకోటి, మేడం ఒక్కసారి కూడా మా యూనిట్‌కి రాలేదు, పనిచేసేవాళ్లతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఏం ఇబ్బందులున్నాయో నన్నే అడిగినారు. నేను ఓనర్ని, నాకు కనపడనివి కూడా ఉంటాయి కదా. నాకు ఇబ్బంది కలిగించేవి నేను ఎందుకు చెప్తా? రావడానికి బస్సు ఛార్జీ, భోజనం నేనే పెడతానన్నా, కోర్టు వాయిదాలున్నాయన్నారు.

ఎవరు పోవచ్చంటే, లెటర్‌హెడ్ మీద కాంట్రాక్టు పంపే బయ్యర్ ఉన్న ఎవరైనా. తాడిపత్రి బండల పాలిష్ ఫ్యాక్టరీలవాళ్లు, హిందూపురం వైపు యూనిట్లు, స్కూల్ యూనిఫాం కుట్టేవాళ్లు. బళ్లారి పార్టీలతో మాట మీద పనిచేసేవాళ్లకి మాత్రం డబ్బు దండగ, చలాన్ మీద మేడం ఏం చదువుతారు. పోయేటప్పుడు ఉద్యం సర్టిఫికెట్టు, పాత పర్చేజ్ ఆర్డర్లు, డెబిట్ నోట్లు, ఫోన్లో వచ్చిన వాట్సాప్ మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి ప్రింటు, ఇవన్నీ పట్టుకుపోండి, కింద జెరాక్స్‌లో పేజీకి రెండు రూపాయలు. ముఖ్యంగా సైన్ చేయకముందు పోండి, చేసినాక పోతే నాలాగ ఒక సీజన్ ఆగాల.

అడిగి రానివి రెండున్నాయి. మా అమ్మాయిల్లో ఎవరైనా సొంతంగా ఆ కాంట్రాక్టు పట్టుకుని బయ్యర్‌ని అడగొచ్చు అని ఒక లైను పెట్టమన్నాం, బెంగళూరు పార్టీ లాయరు చూడగానే కొట్టేసినాడు. ఇంకోటి ఇళ్లలో దారాలు కత్తిరించే వాళ్ల గురించి. కుట్టినాక ప్యాంట్లు మూటలు కట్టి మా వీధుల్లో ఇళ్లకి పోతాయి, ముసలోళ్లు, బాలింతలు అరుగుల మీద కూర్చుని దారాలు కత్తిరిస్తారు, పీసుకి ఇంత అని. వాళ్లు ఏ రిజిస్టర్‌లోనూ లేరు, బయ్యర్‌కి అసలు తెలియదు, తెలిస్తే ఆ పని ఇళ్లకి ఇవ్వొద్దంటాడు, వాళ్ల నోటికాడ కూడు పోతుంది. తెలియకపోతే వాళ్లకి రేటు పెరగదు. దీనికి ఎట్ల రాయాలో మేడం ఆలోచిస్తున్నా అన్నారు, శ్రావణం తర్వాత వచ్చే ఆర్డర్‌కి మళ్లీ పోతా, ఏమయిందో ఇక్కడే కింద అప్‌డేట్ పెడతా. శనివారం మధ్యాహ్నం దాకానే ఉంటారు, ఫోన్ చేసి పోండి.